తోడు వచ్చినవాళ్ళు బయట కూర్చోండి

హోసూరులో ఒక పెద్ద ఆస్పత్రిలో వైద్య విద్యా విభాగాన్ని చాలా ఏళ్ళు నడిపి, ఒకరోజు ఆ కుర్చీ వదిలేసి కన్సల్టింగ్‌లోకి వచ్చేశాను. ఎందుకు వచ్చావని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. మా అక్కకు నడుము నొప్పి అని, తోటి డాక్టర్లకు కొత్తదనం కోసమని, యాజమాన్యానికి కుటుంబ కారణాలని. అసలు కారణం కుతూహలం. నేను లోపలికి అడుగు పెట్టగానే క్లాసు మొత్తం లేచి నిలబడేది. పాఠం చెప్పే డాక్టరు గొంతు సవరించుకునేవాడు. వెనక వరుసలో ఫోన్లు జేబుల్లోకి జారిపోయేవి. అన్నేళ్ళూ నేను చూసినవన్నీ నాకు చూపించడానికి సర్దిపెట్టిన క్లాసులే. నేను లేనప్పుడు ఆ గదుల్లో ఏం జరుగుతుందో ఒక్కసారైనా చూడాలని నాకు మహా ఇది.

కన్సల్టింగ్ అన్నాను గానీ అదేమిటో నాకూ సరిగ్గా తెలియదు. ఆస్పత్రుల్లో కన్సల్టెంట్ అంటే స్పెషలిస్టు డాక్టరు. మేడం దేనికి స్పెషలిస్టు అని కొత్త చోట ఎవరైనా అడిగితే, డాక్టర్లకు పాఠాలు ఎలా చెప్పాలో చెప్పడానికి అనేదాన్ని. వాళ్ళు మర్యాదగా తల ఊపి మంచినీళ్ళు తెప్పించేవాళ్ళు. మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ దగ్గర ఆ మర్యాదలేవీ లేవు. ఇప్పుడు యాడ పని చేస్తా ఉండావమ్మా అని అడిగింది. అన్ని ఆస్పత్రుల్లోనూ అన్నాను. అయితే ఏ ఆస్పత్రిలోనూ లేదన్నమాట అని తేల్చేసి, కాటన్ చీరలకు గంజి ఇంక అక్కర్లేదు కదా అంది. ఆ రోజంతా తలుచుకుని నవ్వుకున్నాను. కొంచెం గుచ్చుకుంది కూడా.

మొదటి పిలుపు కృష్ణగిరి నుంచి వచ్చింది. అక్కడొక మధ్యరకం ఆస్పత్రి నడిపే పెద్ద సర్జన్ నాకు పాత పరిచయం. తన ఆస్పత్రిలో కొన్నేళ్ళుగా పీజీ డాక్టర్లకు శిక్షణ ఇస్తున్నాడు. వాళ్ళలో ఒక అమ్మాయి గురించి ఫోన్ చేశాడు. బర్గూరు పిల్ల. తండ్రి గ్రానైట్ పాలిష్ పట్టే చోట సూపర్‌వైజరు. ఇంటిల్లిపాదిలో ఈమె మొదటి డాక్టరు. రాతపరీక్ష అందరికంటే బాగా రాసింది, ప్రాక్టికల్స్‌లో మాత్రం రెండుసార్లు తప్పింది. ఇంకొక్క అవకాశం మిగిలింది. ఈసారి కూడా పోతే చదువు అక్కడితో ఆపేసి బెంగుళూరులో ఏదో కంపెనీ క్లినిక్‌లో చేరిపోతానని ఇంట్లో చెప్పేసిందట.

"పిల్లకు అన్నీ తెలుసమ్మా. పరీక్షలో పేషెంటు ముందర కూర్చుంటే నోరు పడిపోతాది. నువ్వొచ్చి ఆ భయం తీసెయ్యల్ల" అన్నాడు.

ఆస్పత్రి కారు ఇప్పుడు లేదు కాబట్టి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. శూళగిరి దాటేదాకా నేను ఎవరినని చెప్పుకోవాలో సాధన చేసుకుంటూనే ఉన్నాను.

మొదటి రోజు నేను వెలగబెట్టింది ఏమిటంటే, క్లాసు మధ్యలో లేచి పాఠం నేనే చెప్పేశాను. చూడడానికి వెళ్ళినదాన్ని. ఒక కుర్రడాక్టరు గుండె చప్పుళ్ళ గురించి తడబడుతుంటే నాకు చేతులు ఆగలేదు. తెలిసిన విషయం నా నోట్లో నిలవదు, మా అమ్మ నన్ను చిన్నప్పుడే ఆకాశవాణి అనేది. బోర్డు మీద బొమ్మలు గీశాను, నవ్వించాను, చివర అందరూ చప్పట్లు కొట్టారు. వెనక నిలబడి చూసిన సర్జన్, బాగా చెప్పినావమ్మా, మరి నువ్వు పోయినాక ఎవురు చెప్తారు అని అడిగాడు. వెక్కిరింత లేదు, నిజంగానే అడిగాడు. మర్నాటి నుంచి గదిలో మూల కుర్చీ చూసుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

నోరు మూసుకున్నాక కళ్ళు పనిచేయడం మొదలైంది. ఆ అమ్మాయికి ఒక మాదిరి పరీక్ష పెట్టించాను. వార్డులోంచి జ్వరంతో ఉన్న ఒక నడివయసు ఆవిడను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టాం. ఈ ప్రాక్టికల్స్‌లో ముఖ్యమైన పని రోగితో మాట్లాడి జబ్బు కథ మొత్తం రాబట్టడం. దాన్నే మేము హిస్టరీ అంటాం. అమ్మాయి గబగబా మొదలుపెట్టింది. జ్వరం ఎన్ని రోజులు, చలి ఉందా, వాంతులున్నాయా, షుగరుందా. ఆవిడ ప్రతిదానికీ ఊ అంది. అన్నిటికీ ఒకే ఊ. అమ్మాయికి చెమట పట్టింది. అప్పుడు నేనొకటి గమనించాను. మాట ఆగిపోయినప్పుడల్లా ఆమె తల వాకిలి వైపు తిరుగుతోంది. భయపడ్డవాళ్ళు నేల చూస్తారు, కాగితం చూస్తారు, గడియారం చూస్తారు. ఈమె వాకిలి చూస్తోంది, ఎవరో రావాల్సినట్టుగా.

ఎవరు రావాలి? అడిగితే ఆమెకే తెలియదు. నేను వాకిలి చూడలేదే మేడం అంది. నా కుతూహలానికి దురద మొదలైంది. మర్నాడు పొద్దున్నే ఓపీలో, మామూలు రోగుల మధ్య బెంచీ మీద కూర్చున్నాను. చూస్తుండగానే ఒక పాత ఓమ్ని వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. అందులోంచి అయిదారుగురు జబ్బుమనుషులు దిగారు. వాళ్ళ వెనక డ్రైవరు, అరవై దాటిన మనిషి, మడత నలగని చొక్కా. రోగులు ఒక్కొక్కరే లోపలికి వెళుతుంటే ప్రతి ఒక్కరితోనూ ఆయనే లోపలికి వెళ్ళాడు. నేనూ వెనకాలే దూరాను.

"డాక్టరమ్మా, పేషెంటుకు యాభై ఏండ్లు. షుగరు ఉంది, బీపీ లేదు. నాలుగు దినాలుగా జ్వరం, సాయంత్రమైతే చలితో వస్తాది. వాంతి లేదు, విరేచనం లేదు, దగ్గు లేదు. ఇంట్లో ఇంకెవురికీ లేదు" అని ఆయన గడగడా చెప్పాడు.

నాకు ముచ్చటేసింది. ఉన్నవి అందరూ చెబుతారు. లేనివి కూడా వరసగా చెప్పాలని పీజీ డాక్టర్లకు నేర్పడానికే మాకు ప్రాణం మీదికొస్తుంది. బర్గూరు అమ్మాయి తల ఎత్తకుండా రాసుకుంటూ పోతోంది. రోగి పక్కన స్టూలు మీద కూర్చుని ఫ్యాను చూస్తున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

విచారిస్తే తేలిందేమిటంటే, ఆయనది అత్తిముగం. ఆ చుట్టుపక్కల ఊళ్ళ జబ్బుమనుషులను ఏళ్ళ తరబడి ఈ ఆస్పత్రికే తెస్తున్నాడు. హోసూరు దగ్గరే గదా అంటే ఆ ట్రాఫిక్కు ఆయనకు పడదట. మా వైపు పల్లెల్లో ఆస్పత్రికి ఒంటరిగా ఎవరూ వెళ్ళరు. మాట తెలిసినవాళ్ళను ఒకరిని వెంటబెట్టుకుని వెళతారు, జబ్బు సంగతి వాళ్ళే చెబుతారు. పెళ్ళి మాటలకైనా, స్థలం తగవుకైనా, కడుపు నొప్పికైనా అదే పద్ధతి. నాకది పుట్టినప్పటి నుంచి తెలుసు. తెలిసిందే కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈయన ఆ పనిని ఒక విద్య చేసేశాడు. డాక్టర్లు ఏది ముందు అడుగుతారో, ఏది తర్వాత అడుగుతారో విని విని పట్టేశాడు. పీజీలకు ఆయనంటే ప్రాణం. ఆయన తెచ్చిన రోగులే కావాలని పోటీ పడతారు. ఆయన్ని చూసి మిగతా ఊళ్ళ నుంచి తోడొచ్చేవాళ్ళు కూడా అలాగే చెప్పడం నేర్చుకున్నారు. బర్గూరు అమ్మాయి శిక్షణంతా అలాంటి హిస్టరీల మీదే గడిచింది. పరీక్ష చెన్నైలో. అక్కడ స్టూలు మీద రోగి ఒక్కడే ఉంటాడు. ఈమె వాకిలి చూస్తుంది.

ఇంత తెలిశాక కూడా నేను ఊరుకోలేదు. ఆయనతో మాట్లాడాలనిపించింది. ఆ మధ్యాహ్నం నన్ను శూళగిరి దగ్గర దించుతారా అని అడిగి వ్యాను ఎక్కాను. పొద్దున్న వచ్చినవాళ్ళు వెనక సీట్లలో నిద్రపోతున్నారు. దారిలోనే వాళ్ళ చేత అన్నీ చెప్పించుకుంటారా అని అడిగాను. అవునన్నాడు. చెప్పినవన్నీ డాక్టరుకు చెబుతారా అన్నాను. ఆయన గేరు మార్చి, లేదన్నాడు.

"కొన్ని మాటలుండాయమ్మా, అవి చెప్తే డాక్టర్ల మొగం మారిపోతాది. బక్కైపోయినాడంటే మారతాది, రక్తం పడిందంటే మారతాది. ఆ మొగం చూసి ఈ జనాలు ఆడనే బెదిరిపోతారు. మళ్ళీ వ్యానెక్కరు. ఎట్లాగూ టెస్టులు చేస్తారు గదా, వాళ్ళే కనుక్కుంటారులే అని అవి ఇడిచిపెడతాను" అన్నాడు.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అంత శ్రద్ధగా మా ముఖాలు చదివినవాడు ఒక్కడున్నాడని, ఆ ముఖాలు దాచుకోవడం మేము ఎవరికీ నేర్పలేదని మాత్రం అర్థమైంది. శూళగిరిలో దిగి బస్సు కోసం నిలబడి చాలాసేపు అదే ఆలోచించాను.

సర్జన్‌కు చెప్పాను. పీజీలు చూసే గదిలోకి రోగి మాత్రమే వెళ్ళాలి, తోడు వచ్చినవాళ్ళు బయట కూర్చోవాలి, పిలిచినప్పుడే రావాలి. ఆయన ఒప్పుకున్నాడు గానీ మొదటి వారం నన్ను నిలబెట్టి కడిగేశాడు. ఒక్కో రోగికి ముప్పావు గంట పడుతోంది, ఓపీ వరండా దాకా నిండిపోతోంది, నర్సులు మొహం మాడ్చుకుంటున్నారు. నీ కన్సల్టింగు చాలు తల్లీ, నా ఆస్పత్రి మూతపడేటట్టుంది అన్నాడు. వ్యాను పెద్దాయన ఏమీ అనలేదు. రెండు రోజులు వరండాలో కూర్చుని, ఆ తర్వాత రావడం మానేశాడు. ఆయన రోగులను ఇంకెవరో ఆటోలో తెచ్చారు. ఆ ఖాళీ బెంచీ చూసినప్పుడల్లా నాకు మనసులో ముల్లు కదిలేది.

అమ్మాయికి నేను చెప్పింది కొంచెమే. ఒక ప్రశ్న అడుగు, పెన్ను కింద పెట్టు, ఆగు. ఎంతసేపు ఆగాలి మేడం అని అడిగింది. నీకు భయమేసేంతసేపు, ఆ తర్వాత ఇంకాస్త అన్నాను. చెప్పడం సుళువే. పక్కన కూర్చుని ఆ మౌనం భరించడం నాకే చేతకాలేదు. అడగాల్సిన ప్రశ్న నాలుక చివర కూర్చుని ఉంటుంది. చీర కొంగు గుప్పిట్లో పెట్టుకుని నలుపుతూ కూర్చునేదాన్ని.

ఫలితం మెల్లిగా కనిపించింది. జవళగిరి నుంచి అత్తిముగానికి కోడలుగా వచ్చిన ఒకావిడ, షుగరు ఎందుకు తగ్గడం లేదో ఎవరికీ అంతుచిక్కని మనిషి, ఆ మౌనంలో చాలాసేపు గాజులు సర్దుకుంటూ కూర్చుంది. చివరకు, మాత్రల్లో సగం మొగుడికి ఇస్తున్నానని చెప్పింది. ఆయనకూ షుగరే, ఆస్పత్రికి రమ్మంటే రాడట. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అని అమ్మాయి మెత్తగా అడిగితే, నన్నెవురడిగినారమ్మా అంది. అమ్మాయి నా వైపు తిరిగి చూసింది. ఆ రోజు ఆమె వాకిలి వైపు చూడలేదు.

పరీక్షకు ఇంకొన్ని రోజులుందనగా వ్యాను పెద్దాయన వచ్చాడు. రోగులెవరూ దిగలేదు, ఆయనొక్కడే. చీటీ తీసుకుని, వరసలో కూర్చుని, పేరు పిలిచాక లోపలికొచ్చాడు. పక్కన నిలబడే అలవాటు మీద ఒక్క క్షణం నిలబడిపోయి, తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. మొదలుపెట్టాడు.

"పేషెంటుకు అరవై రెండేండ్లు. షుగరు లేదు, బీపీ లేదు. గ్యాసు. నెల దినాలుగా. వాంతి లేదు, నొప్పి లేదు. మాత్ర రాసిస్తే సరిపోతాది" అన్నాడు.

అమ్మాయి పెన్ను కింద పెట్టింది. ఆగింది. ఈ ఆట సంగతి తన రోగుల నోట విని ఉంటాడు, ఆయనా ఆగాడు. మూల కుర్చీలో నేను చచ్చిపోతున్నాను. ఒకప్పుడు కొలిచి కుట్టించినట్టుండే చొక్కా ఇప్పుడు భుజాల మీంచి జారుతోంది. మెడ దగ్గర బొత్తాం పెట్టుకున్నా సందు కనిపిస్తోంది. నేనైతే ఈపాటికి అడిగేసేదాన్ని, ఆయన లేదనేవాడు, అక్కడితో అయిపోయేది. కొంగు గుప్పిట్లో బిగించాను.

అమ్మాయి ఒకే ఒక్క మాట అడిగింది. పొద్దున ఏం తిన్నారు అని. గంజి అన్నాడు. నిన్న? గంజే. సంగటి తినడం లేదా అంది. మా వైపు మగవాడు రాగి సంగటి ముద్ద మానేశాడంటే ఇంట్లో ఏదో జరిగినట్టే. ఆయన చేతులు చూసుకున్నాడు.

"ముద్ద దిగలేదమ్మా. రెండు నెలలాయ. ఈడ అడ్డం పడతాది. ఇంట్లో చెప్పలేదు. ఇది చెప్తే నీ మొగం మారతాదని తెలిసి, చెప్పకూడదనే వచ్చినాను" అన్నాడు.

"మారిందా అప్పా?" అని అడిగింది అమ్మాయి.

ఆయన ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాడు. "లేదమ్మా" అన్నాడు.

నా ముఖం మారిపోయింది. ఆయనకు కనిపించకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నా వెనక ఆ అమ్మాయి ఆయన్ను ఒక్కొక్కటే అడుగుతోంది, ఆయన ఒక్కొక్కటే చెబుతున్నాడు, ఇన్నాళ్ళూ విడిచిపెట్టిన మాటలన్నీ. ఎంత బక్కయ్యాడో, ఎప్పుడు మొదలైందో, రాత్రిళ్ళు ఏమనిపిస్తుందో. ఆ అమ్మాయి గొంతు వణకలేదు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. దుఃఖమో గర్వమో చెప్పలేను, రెండూ కావచ్చు.

మర్నాడే గొట్టం వేసి చూశారు. అన్నవాహికలో గడ్డ. బెంగుళూరు పంపారు, ఆపరేషన్ జరిగింది. ఇంకా ముదరకముందే వచ్చాడని అక్కడివాళ్ళు అన్నారట. అది విని నిమ్మళంగా ఊపిరి పీల్చుకున్నాను. ఎంతవరకు కోలుకుంటాడో ఇంకా తెలియదు. వ్యాను ప్రస్తుతానికి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉందట.

పరీక్ష రోజు నేను హోసూరు బస్టాండులో ఉన్నాను. ఇంకో ఆస్పత్రి వాళ్ళు రమ్మన్నారు. నిజం చెప్పాలంటే రెండు బస్సులు వదిలేసి ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పాసైతే మొదట ఇంటికి చేస్తుంది, నాకెందుకు చేస్తుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సాయంత్రం అవుతుండగా ఫోన్ మోగింది. పాసయ్యానని చెప్పింది, అరుపులూ కేకలూ లేకుండా, జ్వరం తగ్గిందని చెప్పినంత మామూలుగా. నేనే అక్కడున్న సిమెంటు దిమ్మె మీద కూర్చుండిపోయాను.

ఆ తర్వాత నా బుద్ధి పోనిచ్చుకోకుండా ఆరాలు మొదలుపెట్టాను. కేసేమిటి, రోగి ఎలాంటి మనిషి, మౌనంగా కూర్చున్నారా. అన్నీ చెప్పింది. ఒక పల్లెటూరి ఆవిడ, ఆయాసం. మామూలుగా తోడును రానివ్వరు గానీ, ఈసారి ఎలాగో మొగుడు పక్కన నిలబడి మొత్తం తనే చెప్పబోయాడట. ఆయన్ను దండం పెట్టి బయటికి పంపేసిందట. పరీక్ష చేసే పెద్ద డాక్టరు కనుబొమలెత్తినా పట్టించుకోలేదట. పెన్ను కింద పెట్టి ఆగిందట. గడియారంలో టైము పోతూనే ఉంది, అయినా ఆగిందట. అప్పుడు ఆవిడ మాట్లాడిందట.

"ఏం చెప్పింది?" అన్నాను.

అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు. నేను నేర్పిన మౌనమే.

"జబ్బుకు కావాల్సినంత పరీక్షలో చెప్పినాను మేడం. మిగిలింది ఆయమ్మ నాకు చెప్పుకుంది. మీకు చెప్పలేను" అంది.

తెలుసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంది. సరే తల్లీ అన్నాను.